వంద రెట్లు పలుచన

పొద్దున పదింటికి తన చేత్తో సంతకం పెట్టి పంపిన కాగితమే మధ్యాహ్నానికి ల్యాబు అక్కయ్య గొంతుకు అడ్డం పడింది. ఆ కాగితం సొంత చెల్లెలిది మరి!

చెల్లెలికి మలేరియా. మందులకు లొంగింది, రక్తం చుక్కలో పరాన్నజీవి ఒక్కటీ కనబడలేదు. సైటోకైన్లూ తక్కువే అని అక్క రాసిచ్చింది. సైటోకైన్లంటే, ఒంట్లోకి శత్రువు చొరబడగానే కాపలా కణాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్లు. కొన్ని రెచ్చగొడతాయి, కొన్ని ఇక చాలని చల్లబరుస్తాయి. శత్రువు పోయాక కూడా రెచ్చగొట్టేవి ఆగకపోతే ఆ దాడి సొంత ఊపిరితిత్తుల మీద పడుతుంది. తక్కువని తేలింది కాబట్టి డాక్టరమ్మ ఇంటికి పంపేస్తానంది.

అంతా బాగానే ఉంది కదా? మరి ఈవిడకు అన్నం ఎందుకు సహించదు! ఇందాక వార్డులో "నీ నీళ్ల టీ తెచ్చావా అక్కా?" అని వేళాకోళమాడడానికి చెల్లెలు మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. అక్క టీలో నీళ్లెక్కువని పాతికేళ్లుగా దాని గోల.

అన్నం డబ్బా మూత తీస్తూ తీస్తూ అక్క ఆగిపోయింది. ఆ కబుర్లు మరీ ఎక్కువైపోయి ఉంటే? పరీక్ష కిట్టులో వాటిని పట్టుకునే ప్రతిరక్షకాలు రెండు జట్లు. ఒకే అణువును చెరో పక్కా పట్టుకుంటేనే రంగు తేలుతుంది. అణువులు కిక్కిరిసి వస్తే రెండు జట్లూ దొరికినదాన్ని దొరికినట్టు వేర్వేరుగా పట్టుకుంటాయి, జత కుదరదు, రంగు రాదు. యంత్రం తక్కువని అబద్ధమాడుతుంది. అందుకే పలుచన చేసి మళ్లీ చూడాలి. తొందరలో తను ఆ పని ఎగ్గొట్టింది.

"నా మొహం మండా!" అనుకుంటూ లేచింది. చెల్లెలి రక్తం నుంచి వేరు చేసిన సీరం ఒక వంతుకు తొంభైతొమ్మిది వంతుల ద్రావణం కలిపింది. ఇక నలభై నిమిషాలు ఆగాలి. అంతలో చెల్లెలి పక్కనున్న మరిది ఫోను.

"వదినా, డిశ్చార్జి కాగితాలు వచ్చేశాయి. ఆటో పిలుస్తున్నా."

"ఒక్క గంట ఆగు."

"నువ్వేగా బాగుందని రాసిచ్చావు! ఇంటికెళ్లి పడుకుంటానని ఇది ఒకటే గొడవ."

"నేనే రాశాను, నేనే ఆగమంటున్నా. కదిలావో, ఊరుకోను!"

ఫోను పెట్టేసింది. డాక్టరమ్మకు చెప్పాలంటే తప్పు ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో తను ఒక్క మాట పడని మనిషి. అంకె వచ్చాకే చెబుదామా అనిపించింది. నలభై నిమిషాల్లో చెల్లెలి ఊపిరి ఏమవుతుందో తలచుకునేసరికి పరువు మాట మరిచిపోయింది.

"అమ్మా, పొద్దుటి నా రిపోర్టు నమ్మకండి. పలుచన చేసి చూడలేదు, తప్పు నాదే. చెల్లెల్ని పంపకండి, ఒక్కసారి ఊపిరి లెక్కపెట్టండి" అంది డాక్టరమ్మకు ఫోను చేసి, ఒక్క గుక్కలో.

అవతల ఫోను ఠక్కున ఆగిపోయింది.

నలభై నిమిషాలకు అంకె వచ్చింది. పలుచన చేస్తే తగ్గాల్సింది, పొద్దుటికన్నా ఐదింతలు పెరిగింది. దాన్ని ఇంకా వందతో హెచ్చవేయాలి. అక్క ఆ లెక్క కట్టకుండానే మెట్లెక్కి పరుగెత్తింది.

మంచం ఖాళీ. వరండాలో సంచీ ఒళ్లో పెట్టుకుని మరిది కూర్చున్నాడు.

"ఐసీయూలోకి తీసుకెళ్లారు వదినా. నిమిషానికి నలభైసార్లు ఊపిరి తీస్తోందట. ఆటో గేటు దగ్గరే ఉంది. డాక్టరమ్మే పరుగెత్తుకొచ్చి ఆపింది. ఎక్కించేసి ఉంటేనా..." అని బావురుమన్నాడు.

నాలుగో రోజు ఆక్సిజన్ మాస్కు తీశారు. చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుంది.

"నీళ్లు కలిపి కనిపెట్టావటగా?"

"ఆఁ."

"ఇక నీ టీని ఏమీ అననులే."

ఈసారి ఒక్కసారి కూడా ఆగకుండా అంది. అక్క మొట్టికాయ వేయబోయి, ఏడుస్తూ దాని జుట్టు సర్దింది.