గీతలు కలిపే పని

బొమ్మలు గీసే ప్లాటర్ మిషను వచ్చిన ఏడాదికల్లా ఆ డ్రాయింగ్ ఆఫీసులో హుస్సేన్ బాషా తప్ప, చేత్తో సిరాగీతలు గీసే ట్రేసర్లు ఎవరూ మిగల్లేదు. మిగతావాళ్ళని కంపెనీ మర్యాదగానే సాగనంపింది. దండలు వేసింది, లడ్డూలు పంచింది, మర్నాటినుంచి గేటు దగ్గర ఆపేసింది. బాషా మిగిలింది పనితనం వల్లేనని ఆఫీసులో అనుకునేవారు. అసలు సంగతి వేరు. ఆ మిషను సరిగ్గా పనిచెయ్యకపోబట్టి అతను మిగిలాడు. అది బాషాకీ తెలుసు.

1988 ఎండాకాలం. ఫిషింగ్ హార్బర్ రోడ్డులో, ఐసు ఫ్యాక్టరీలకి కాస్త ఇవతల ఆ ఆఫీసు. తలుపు తీస్తే ఉప్పుగాలి, మూస్తే ఏసీ చలి. కంప్యూటర్లో గీసిన బొమ్మని ప్లాటర్ తన సిరా పెన్నుతో దుప్పటంత ప్లాస్టిక్ ఫిల్ము మీద గీసేది. తెరమీద బొమ్మ నిక్షేపంగా ఉండేది. ఫిల్ము మీదికొచ్చేసరికి పెన్ను నడుమ నడుమ ఎగ్గొట్టి, ప్రతి గీతలోనూ వెంట్రుకవాసి ఖాళీలు వదిలేసేది. కంప్యూటర్ చూసే తాయారు పెన్నులు కడిగింది, సిరా మార్చింది, వేళ్ళ జిడ్డు అంటిందేమోనని ఫిల్ముని స్పిరిట్‌తో తుడిచింది. ఆ పిల్ల పట్టు పట్టిందంటే వదిలే రకం కాదు. అయినా ఖాళీలు పోలేదు.

దాంతో ప్రతి ఫిల్మూ బాషా బల్ల మీదికి రావలసిందే. అతను కళ్ళజోడు సవరించుకుని, తన పెన్ను తీసి ఆ ఖాళీలన్నీ కలిపేసేవాడు. పాతపట్నంలో వాళ్ళ నాన్న షాపులకి బోర్డులు రాసేవాడు, చెయ్యి అక్కణ్ణించి వచ్చింది. పని మధ్యలో ఆ మిషను వంక చూసి, నువ్వు ఎప్పటికీ ఇలాగే ఉండు తల్లీ అనుకునేవాడు. ఈ కోరిక భార్య జమాలున్నీసాకి కూడా చెప్పలేదు. చెప్పుకునేంత గొప్ప కోరిక కాదది.

బుధవారంనాడు మురుగుకాలువ షీటు వచ్చింది. ఐసు ఫ్యాక్టరీల వెనకనుంచి సముద్రం దాకా కొత్త కాలువ. చీఫ్ గురునాథరావు గారు గంటకోసారి వచ్చి అయిందా అని అడిగి వెళ్తున్నారు. బాషా తలెత్తకుండా కూచుని కనపడిన ఖాళీనల్లా కలిపి, సాయంత్రానికి ఫిల్ముని కాగితం మీద నకలు తియ్యడానికి అమ్మోనియా ప్రింటుకి పంపించాడు.

ప్రింటు తీసుకెళ్ళడానికి తవ్వకం మేస్త్రీ జగ్గారావు వచ్చాడు. ఆనందపురం అవతల పల్లెలో వ్యవసాయం మానేసి కూలీలని వెంటేసుకుని పట్నం వచ్చినవాడు. ఒకే కులం కాదు, ఒకే మతం కాదు, అయినా వీళ్ళిద్దరూ పదిహేనేళ్ళుగా బావా అంటే బావా అనుకుంటున్నారు. జగ్గారావు ప్రింటు బల్ల మీద పరిచి, చుట్ట మీది నివురు దానిమీద పడకుండా ఎడం చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"ఏటి బావా, కాలవకి రెండు గోడలే కదా. ఇక్కడ మూడు గీతలున్నాయేటి?"

బాషా వంగి చూశాడు. మూడూ నిండుగీతలే. నిండుగీత అంటే కొత్తగా కట్టేది. చీఫ్‌ని అడగొచ్చు. అడిగితే, ఇన్నేళ్ళుగా గీస్తూ ఇది తెలీదా అంటారు.

"బయటిది పునాది అంచయ్యుంటాది. అందాకా తవ్వించీ."

"నువ్వు సెప్పేక ఇంకేటుంది," అని జగ్గారావు ప్రింటు చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్న బాషా లోపలికి అడుగు పెట్టాడో లేదో తాయారు ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"బాషాగారూ, దొరికీసిందండి. పెన్ను మరీ స్పీడుగా పరిగెడతంది. సిరా దిగీలోపలే ముందుకెల్లిపోతంది. సగానికి తగ్గించీసేను. సూడండి."

చూశాడు. ఆ చివరినుంచి ఈ చివరికి ఒక్క గీతా తెగలేదు. "బాగుందమ్మా," అన్నాడు. బాగుండకేం, అతని ప్రాణానికే బాగోలేదు. చీఫ్ గారు కూడా వచ్చి ఫిల్ముని కిటికీకి ఎత్తి చూసి, "అయితే ఇక చేత్తో దిద్దే పని లేనట్టే," అన్నారు. అంటున్నప్పుడు బాషా వైపు చూడలేదు.

ఆయన గదిలోకి వెళ్ళాక తాయారు అందుకుంది. "ఇంకోటండి. బూమిలో పాతవి ఉన్నకాడ ముక్కల గీత గీత్తాం కదా. షీటు స్కేలు మారినప్పుడు ఆ ముక్కల కొలత కూడా మార్చాలంట. నాను మార్చలేదు. అందికే ముక్కలన్నీ దగ్గిరకొచ్చీసి, మజ్జిన సన్నటి సందు మిగుల్తంది. కాలవ షీటులో కరెంటు కేబులు అలాగే వచ్చీసింది. మీరు గమనించే ఉంటారు లెండి. ఈరోజు మల్లీ తీసి పంపించీద్దాం."

బాషా బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. సన్నటి సందులు. తను చూశాడు, చూసి ఒక్కటీ విడిచిపెట్టకుండా కలిపేశాడు. మిషను ఎగ్గొట్టిన ఖాళీకీ, కావాలని వదిలిన సందుకీ తేడా అడగాలన్న ఊహే రాలేదు. భూమిలో పాతిపెట్టి ఉన్న హైటెన్షన్ కేబుల్‌ని, కట్టబోయే గోడగా చూపించాడు. పైగా, అందాకా తవ్వించు అని నోటితో చెప్పాడు.

వెంటనే లేవాలి. లేవలేదు. చీఫ్ అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. ఇప్పుడు వెళ్ళి ఇది కూడా చెబితే దండా లడ్డూ కూడా ఉండవు. టీ వచ్చింది, తాగాడు. జగ్గారావు మనుషులు చోడి అంబలి తాగి, తువ్వాళ్ళు చుట్టుకుని, పొద్దెక్కాకగాని పనిలోకి దిగరని మనసుకి చెప్పుకున్నాడు. కేబుల్ లోతుగా ఉంటుంది, పైన ఇటుకలు పరుస్తారు అని కూడా చెప్పుకున్నాడు. గ్లాసు ఖాళీ అయింది. చెప్పుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. భయం వేసింది, అంతకన్నా ఎక్కువగా తనమీద తనకే అసహ్యం వేసింది.

లేచి తాయారు దగ్గరికి వెళ్ళాడు. "అమ్మా, ఆ సందులు నాను కలిపీసేను."

ఆ అమ్మాయి ఒక్క క్షణం అర్థంకానట్టు చూసి, గబుక్కున ఫోను అతని ముందుకి తోసింది. తవ్వకం జరిగే చోటికి దగ్గర్లో ఫోనున్నది ఐసు ఫ్యాక్టరీలోనే. అక్కడి గుమాస్తా నూకాలు ఎత్తాడు. వెనక ఐసు కొట్టే మిషను రొద.

"నూకాలూ, నాను బాషాని. జగ్గారావుని తవ్వొద్దని సెప్పు. కింద కరెంటుంది."

"ఏటండీ? ఇనబడ్డంలేదు. మేస్త్రీయా? ఇప్పుడే కొబ్బరికాయ కొట్టేరండి. మొదటి గునపం ఆయనే ఏత్తాడు కదా, ఏసేక పిలుత్తాను."

"ఏసేక కాదురా. ఎయ్యకుండా ఆపు. కరెంటు కేబులుంది కింద, పరిగెట్టు."

నూకాలు ఫోను బల్ల మీద పడేసిన చప్పుడయింది. అడుగులు దూరమయ్యాయి. మేస్త్రీ గారో అని ఒక కేక, ఇంకాస్త దూరంనుంచి ఇంకో కేక. మిషను రొదలో ఆ రెండోది సగమే వినిపించింది. తాయారు బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

అంతలో ఫోనులో ఆ రొద ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే బాషా తలమీద ఏసీ ఆగింది. కంప్యూటర్ తెర నల్లబడింది. గదిలోంచి గురునాథరావు గారు, "కరెంటు పోయినట్టుంది, జనరేటర్ వెయ్యమనండి," అన్నారు.

బాషా రిసీవర్ చెవినుంచి తియ్యలేదు. తరవాత చాలామంది ఒక్కసారే పరిగెత్తుతున్న చప్పుడు, ఎవరో ఆడమనిషి ఏడుపు. తాయారు రిసీవర్ అందుకోబోయింది, అతను ఇవ్వలేదు. అక్కడెవరో జగ్గారావుని పేరుపెట్టి పిలుస్తున్నారు. నిద్రపోయినవాణ్ణి లేపుతున్నట్టు పిలిచినపేరే పిలుస్తున్నారు. బాషా జవాబు కోసం వింటూ అలాగే నిలబడ్డాడు.