ఉతికితే పోయే వెచ్చదనం

పొద్దున్నే షట్టరెత్తడం, బల్ల మీద దుప్పటి సరిచెయ్యడం, ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు చొక్కాల మీద నీళ్ళు చిలకరించడం. అరవై దాటినా ఇంటిల్లిపాదికీ చిట్టిగానే మిగిలిపోయిన ఆవిడ, తల్లి పోయిన నాలుగో రోజుకే మళ్ళీ ఈ పనుల్లో పడింది. ఏం చేస్తుంది మరి? గుడ్డలిచ్చినవాళ్ళు అడుగుతారు కదా!

ఆ కొట్టు అమ్మది. ముప్ఫయ్యేళ్ళకే మొగుడు పోతే, చంకలో చిట్టిని వేసుకుని బొగ్గుల పెట్టెతో మొదలుపెట్టింది. నలుగురు పిల్లల్ని పెంచింది. కాలరు నలిగినవాణ్ణి నమ్మకూడదనేది. ఇద్దరల్లుళ్ళనీ కాలరు చూసే ఎంచింది. ఒకడి విషయంలో లెక్క తప్పింది గానీ, ఆవిడ దగ్గర ఆ మాటెత్తే ధైర్యం ఎవరికుంది? చిట్టికొచ్చిన సంబంధాలన్నీ నలిగిన కాలర్లే అయ్యాయి. అలా తల్లీకూతుళ్ళిద్దరే మిగిలారు.

అమ్మ ఇస్త్రీ చేసిన గుడ్డ చల్లారదు. మళ్ళీ నీళ్ళలో పడేదాకా, నెలయినా ఏడాదయినా వెచ్చగానే ఉంటుంది. ఊరందరికీ తెలిసిన సంగతే. చలికాలంలో పని రెట్టింపయ్యేది, అంతే. గుడ్డలు చేతికిస్తూ అమ్మ ప్రతివాళ్ళనీ "వెచ్చగా ఉందా?" అని అడిగేది.

"నీకు తెలీదేమిటే, రోజూ అదే ప్రశ్న!" అని చిట్టి విసుక్కునేది. అమ్మ నవ్వి ఊరుకునేది.

చివరి ఎనిమిదేళ్ళూ అమ్మకి చేతులు వణికేవి. ఇస్త్రీ అంతా చిట్టే చేసి, వేడివేడిగా అందిస్తే, అమ్మ స్టూలు మీద కూర్చుని మడతపెట్టి ఇచ్చేది. అయినా గుడ్డలు చల్లారలేదు. ఆ మడతపెట్టే చేతిదే మహిమ అనుకున్నారు అందరూ, చిట్టితో సహా. తమ గుడ్డలకి ఇస్త్రీ చేసుకునే తీరిక మాత్రం ఆ ఇద్దరికీ ఉండేది కాదు.

తొంభై మూడేళ్ళకి అమ్మ కన్నుమూసింది. ఆ రోజు చిట్టి ఏం చేసిందో తెలుసా? చేతులూరుకోక ఇంట్లో గుడ్డలన్నీ తడిపేసింది. అమ్మ ఎప్పుడో చేసి దాచిన దుప్పట్లు, చీరలు, ఆఖరికి చేతిరుమాళ్ళు కూడా. తీగ మీద ఆరేశాక గుర్తొచ్చి, అక్కడే చతికిలబడిపోయింది. అమ్మ వెచ్చదనం ఇంట్లో ఒక్క పోగులో కూడా మిగల్లేదు.

మూడో ఆదివారం అమ్మని తలుచుకుందామని అందరూ వచ్చారు. ఎవరికి వాళ్ళు ఉతక్కుండా దాచుకున్నది తొడుక్కొచ్చారు. అన్నయ్య చొక్కా మీద టీ మరక, పెద్దక్క చీరకి పసుపు చారలు, మేనకోడలి జాకెట్టు దగ్గర నిలబడితే ముక్కు మూసుకోవాలి. "అబ్బ, ఇంకా ఎంత వెచ్చగా ఉందో!" అనుకుంటూ అందరూ ఏడ్చారు, నవ్వారు.

చిట్టి మెల్లగా అన్నయ్య చొక్కా చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. అక్క కొంగు తడిమింది. అదీ చల్లనే. అందరికీ తగిలే అమ్మ, ముసలితనంలో ఎత్తి దింపిన తనకి మాత్రం తగలదా? నామీద ఏం కోపమమ్మా నీకు?  కొంగు వదిలేసి, గ్లాసులు తియ్యడానికి లేచింది.

"ఒక్కదానివీ ఇక్కడెందుకే? వచ్చే ఆదివారం వచ్చి తీసుకెళ్తా. కొట్టు ఎవరికైనా ఇచ్చేద్దాం," అన్నాడు అన్నయ్య.

"సరే," అంది. అమ్మే లేని కొట్టు ఎందుకు?

శనివారం మిగిలిన గుడ్డలు ఇచ్చేస్తుంటే, పక్కవీధిలో గడియారాలు బాగుచేసే ఆయన వచ్చాడు.

"మూసేస్తున్నారటగా? ఈ తొడుక్కున్న చొక్కా ఇక ఉతకనే ఉతకనండీ. ఎంత వెచ్చగా ఉందో!"

"దాచుకోండి. అమ్మ చేతిదేగా."

"అమ్మగారిదెక్కడండీ! ఆవిడ పోయాక కొన్న చొక్కా ఇది. మీరే చేసిచ్చారు."

చిట్టి చెయ్యి చాచి ఆ చొక్కా అంచు పట్టుకుంది. "చల్లగా ఉందిగా."

ఆయన ఆవిడ వైపు విచిత్రంగా చూశాడు. "అమ్మగారూ అదే అనేవారు. 'చేసినదాని చేతికి తెలీదు నాయనా, నాకెప్పుడూ చల్లగానే ఉంటుంది' అని. అందుకేగా అందర్నీ అడిగేది! మీకు చెప్పలేదూ?"

చెప్పలేదు. ఒక్క ఇంట్లో అన్నేళ్ళున్నా చెప్పలేదు. ఆయన వెళ్ళాక, చిట్టి అమ్మ స్టూలు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. అరవయ్యేళ్ళు ఊరందరికీ వెచ్చదనం పంచి, అమ్మ ఒక్కతే చల్లగా బతికిందన్నమాట.

ఆదివారం అన్నయ్య అదే చొక్కాలో దిగాడు. చిట్టి సూట్‌కేసు గుమ్మంలోనే ఉంది. షట్టరు మాత్రం పైకెత్తి ఉంది.

"అన్నయ్యా, అది ఎప్పుడు ఇస్త్రీ చేయించుకున్నావ్?"

"పోయినేడు. ఏం?"

"విప్పు. మరక కనపడుతోంది. ఉతికేస్తా."

అన్నయ్య రెండు చేతులతో గుండీలు పట్టుకున్నాడు. "నీకేమైనా పిచ్చా? అమ్మ పోతుందే!"

"పోదులే. ఇటివ్వు."

ఉతికింది, ఎండలో ఆరేసింది. ఆయన బనీనుతో స్టూలు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు. చిట్టి ఇస్త్రీ చేసి, మడతపెట్టి, బల్ల మీద చాలాసేపు వదిలేసింది. తర్వాత చేతిలోకి తీసుకుంది. చల్లగా ఉంది. దాన్ని అలాగే అన్నయ్య ఒళ్ళో పెట్టి, ఆయన మొహంలోకి చూసింది.

"వెచ్చగా ఉందా?"