చేతికిచ్చిన చెంబు

మలక్‌పేట పెంటయ్య మంచిదన్న కారును కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చని పాతబస్తీలో పేరుండేది. మూరెడు పేచ్‌కస్, అంటే మరలు తిప్పే స్క్రూడ్రైవరు, తీసుకుని, దాని మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు పెట్టుకునేవాడు. లోపల ఏ ముక్క అరిగిందో, ఏ ముక్క వదులైందో చూసినట్టే చెప్పేవాడు. కొనేవాళ్లు తాంబూలం ఇవ్వబోతే, బండి బాగుంటేనే అందుకునేవాడు. పెంటయ్య తాంబూలం పట్టాడంటే ఇక ఆ బేరానికి తిరుగులేదు.

అంత పేరున్న మనిషికి చెవులు పోయాయని లోకంలో ఒక్కరికే తెలుసు. అతని భార్య సక్కుబాయికి.

ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి దగ్గరగా వచ్చి గట్టిగా మాట్లాడితేనే అందేది. పేచ్‌కస్ ఎముకకు ఆనిస్తే ఇంజను చప్పుడు ఇంకా బాగానే తెలిసేది గానీ, బండి నడిచేటప్పుడు గాలిలో వచ్చే చప్పుళ్లు, కిర్రుమనేవీ కటకటలాడేవీ, వినపడక ఏడాది దాటింది. ఆ ఏడాది మొదట్లోనే ఒకరోజు సక్కుబాయి షెడ్డుకు అన్నం పట్టుకొచ్చి, భర్తకు నీళ్లచెంబు ఇవ్వబోతూ, అప్పుడే వచ్చి ఆగిన కారు ముందు చక్రం దగ్గర టకటక వింది. విని, చెంబు ఇవ్వకుండా ఆ చక్రం పక్కన నేల మీద పెట్టేసింది. పెంటయ్య ఆమె ముఖం చూశాడు, చెంబు వైపు చూశాడు, వెళ్లి ఆ చక్రం విప్పాడు. లోపం అక్కడే ఉంది.

అప్పటి నుంచి అదే పద్ధతి. చెంబు చేతికిస్తే బండి బాగున్నట్టు, కింద పెడితే ఎక్కడో తేడా ఉన్నట్టు. ఎక్కడి బండి చూడబోయినా సక్కుబాయి నీళ్లచెంబుతో వెంట వెళ్లేది. ఎండకు ఆయన తట్టుకోలేడు, నీళ్లు కావాలి అనేది అడిగినవాళ్లతో. ఈ సంగతి మొగుడూ పెళ్లాలు ఒక్కనాడూ నోటితో అనుకోలేదు. అంటే అది నిజమైపోతుందని ఇద్దరికీ భయం.

డెబ్బై నాలుగు ఎండాకాలంలో లాల్‌దర్వాజా నుంచి గుండయ్య కబురు పెట్టాడు. తాతల నాటి నుంచి ఇత్తడి సామాన్ల వ్యాపారం వాళ్లది. ఆయన కొనాలనుకున్నది మామూలు కారు కాదు. వెనక డిక్కీ బదులు గదిలాగా పొడుగ్గా ఉండి, తలుపు పైకి లేచే ఎస్టేట్ కారు. ఒక కంపెనీలో పెద్ద ఇంజనీరు, కోస్తా నుంచి వచ్చిన శ్రీహరిరావు గారిది. విదేశం నుంచి ఓడలో దిగిన బండి, తోలు సీట్లు, ముందర గడియారం. ఆయనకు మద్రాసు బదిలీ అయింది. వారమంతా బిందెలు, గంగాళాలు మోసుకోవచ్చు, పండగొస్తే ఇంటిల్లిపాదీ ఎక్కొచ్చు అని గుండయ్య ఆశ.

వాకిట్లో నిలబెట్టిన బండి చుట్టూ ఇంట్లోవాళ్లంతా తిరుగుతున్నారు. గుండయ్య భార్య రుక్మిణమ్మ కొంగుతో తలుపులు తుడిచి మరీ చూస్తోంది. అత్తగారు వెనక భాగంలోకి తొంగిచూసి, "నన్ను గూడ బిందెలల్ల బిందె లెక్క ఈడ్నే పండవెడ్తరా ఏంది," అంది. అందరూ నవ్వారు.

గుండయ్య నవ్వలేదు. పెంటయ్య దగ్గరికొచ్చి, అదృష్టం బాగుండి కుడివైపే నిలబడి, గట్టిగా చెప్పాడు.

"పెంటన్నా, నువ్వు ఊఁ అంటే శుక్రారం పొద్దుగాల శ్రీశైలం బోతం. అమ్మ మొక్కున్నది. పదకొండు మందిమి. అందరి పానం నీ చేతుల పెడుతున్న."

పెంటయ్య ఇంజను చూశాడు. పేచ్‌కస్ ఆనించి అయిదు నిమిషాలు కదలకుండా విన్నాడు. ఇంజను పాలు తాగిన బిడ్డలా ఉందన్నాడు. కింద దూరి తుప్పు చూశాడు. తలుపులన్నీ వేసి తీశాడు. ఇక నడిపి చూడాలి. బరువు నిండితేగాని వెనక కమాన్ల, అంటే బరువు మోసే స్ప్రింగుల, సంగతి తెలియదని అందరినీ ఎక్కమన్నాడు. ముందు స్టీరింగు దగ్గర పెంటయ్య, పక్కన బండి చూపించడానికి వచ్చిన శ్రీహరిరావు, గుండయ్య. మధ్యలో అత్తాకోడళ్లు. వెనక గదిలో పిల్లలతో పాటు సక్కుబాయి, ఒళ్లో చెంబు పెట్టుకుని, సరిగ్గా కుడి చక్రానికి పైన కూర్చుంది.

ఫలక్‌నుమా ఎత్తు దాకా ఏమీ లేదు. బార్కస్ దగ్గర బండి ఎడమకు మలుపు తిరిగింది. అప్పుడు వినపడింది. కుడి చక్రంలోంచి సన్నగా, రోట్లో రాయి తిరిగినట్టు, ఊఁ అని. మలుపు అయిపోగానే ఆగిపోయింది. పిల్లలు పాటలు పాడుతున్నారు. తన భ్రమేమో అనుకుంది. ఇంకో ఎడమ మలుపు వచ్చింది. ఇంకా గట్టిగా, పాదాల కింద వణుకుతో సహా. ముందు కూర్చున్నవాళ్లు ఇంజను చప్పుడులో కబుర్లాడుకుంటున్నారు. పెంటయ్య వీపు నిమ్మళంగా ఉంది.

ఫరవాలేదు, దిగగానే చెంబు కింద పెడతాను, ఆయనే చూసుకుంటాడు అనుకుంది సక్కుబాయి. అయినా చెంబును రెండు చేతులతో పట్టుకుంది.

ఇల్లు చేరారు. ఆమె వెనక తలుపులోంచి దిగి, చక్రం పక్కన చెంబు పెట్టబోయి వంగింది. అంతలో రుక్మిణమ్మ వచ్చి చెంబు అందుకుంది.

"మా ఇంటికొచ్చి మీ నీళ్లు మీరే తాగుతరా అక్కా? గిట్లియ్యి."

వద్దనే లోపే లోపలికి వెళ్లింది. కుండలో చల్లటి నీళ్లు నింపి, అదే చెంబు తెచ్చి పెంటయ్య చేతిలో పెట్టింది.

పెంటయ్య చెంబును చూశాడు. తన ఇంటి చెంబే. తన చేతికే వచ్చింది, సక్కుబాయే పంపిందనుకున్నాడు. గడగడా తాగి, మూతి తుడుచుకుని, గుండయ్య వైపు తల ఊపాడు. గుండయ్య ముఖం విప్పారింది. తాంబూలం పళ్లెం తెచ్చాడు.

సక్కుబాయి అతనికి ఎడమవైపు ఉండిపోయింది. "జర ఆగు," అంది. పెంటయ్య తిరగలేదు. మళ్లీ అంది, ఈసారి వాకిలంతా వినపడేట్టు. అందరూ తిరిగి చూశారు, అతనొక్కడే చూడలేదు. అతని చేతులు పళ్లెం వైపు చాచుకునే ఉన్నాయి. ఆమె వెళ్లి ఆ చేతులకూ పళ్లేనికీ మధ్య నిలబడింది.

"ఎనక కుడి చక్రం మొత్తుకుంటున్నది," అంది గుండయ్యతో.

శ్రీహరిరావు నొచ్చుకున్నాడు. నాలుగేళ్లుగా తానే నడుపుతున్నాననీ, ఎప్పుడూ ఏ చప్పుడూ వినలేదనీ అన్నాడు.

"మీరొక్కరే తిరిగిండ్రు సారు. బరువు వడితేనే మొత్తుకుంటది, ఎడమకు తిరిగినప్పుడు."

గుండయ్య పళ్లెం దించలేదు. "మరి పెంటన్నకు ఇనబడలేదా?"

వినపడలేదంటే భర్త పేరు పోతుంది. వినపడిందంటే, చక్రం బాగానే ఉన్నట్టై ఈ పిల్లలు శుక్రవారం ఘాటు రోడ్డు ఎక్కుతారు. సక్కుబాయి కొంగు కొసను పిడికిట్లో నలిపింది.

"ఇనబడదు. ఏడాదాయె."

పెంటయ్యకు మాట అందలేదు గానీ, అందరి ముఖాలూ ఒక్కసారిగా తన చెవుల వైపు తిరగడం కనపడింది. సక్కుబాయి అతని కుడి చెవి దగ్గర నోరు పెట్టి, అందరూ చూస్తుండగానే, ఏ చక్రమో చెప్పింది. ఆడవాళ్ల మాట పట్టించుకోవద్దని పెంటయ్య అని ఉంటే గుండయ్య నమ్మేవాడు. ఇరవై ఏళ్ల నమ్మకం అది.

పెంటయ్య చేతులు వెనక్కి తీసుకున్నాడు. జాకీ అడిగాడు. చక్రం పైకి లేపి, గుండయ్యను తిప్పమని, తాను నేల మీద పడుకుని పేచ్‌కస్ మొనను చక్రం లోపలి ఇనుముకు ఆనించి, పిడిని ఎముకకు అదుముకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు లేవలేదు. లేచేసరికి చొక్కా అంతా మట్టి.

"బేరింగు వోయింది. ఘాట్‌ల తిరిగితే చక్రం ఊడి బండికన్న ముందుగాల పోతుండె." పేచ్‌కస్ మొన తుడుచుకున్నాడు. "నాకు ఇనబడలే. ఆమెకు ఇనబడ్డది."

శ్రీహరిరావు, పోయిన ఆదివారమే పిల్లల్ని దీంట్లో సాగర్ తీసుకెళ్దామనుకున్నానని చెప్పి, బేరింగు మార్పించే ఇస్తానన్నాడు. గుండయ్య పళ్లెం లోపల పెట్టి వచ్చాడు. రుక్మిణమ్మ ఖాళీ చెంబును ఎవరి చేతికివ్వాలో తెలియక అటూ ఇటూ చూసి, చివరికి అరుగు మీద పెట్టింది.

సక్కుబాయి అరుగు మీది చెంబు తీసుకుంది. మలక్‌పేటకు నడిచే వెళ్లారు. పెంటయ్య ఎప్పటిలాగే నాలుగడుగులు ముందు. పొద్దుగూకే లోపు ఈ మాట ప్రతి షెడ్డుకూ చేరుతుందని సక్కుబాయికి తెలుసు. ఆయన తనతో ఇక మాట్లాడడేమో అనుకుంటూ అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది.

చంచల్‌గూడ దాటాక పెంటయ్య ఆగాడు. ఆమె దగ్గరికొచ్చేదాకా ఆగి, ఎడమవైపు ఉన్న ఆమెను భుజం పట్టి కుడివైపుకు తెచ్చుకున్నాడు.

"నడిచేటప్పుడు ఎట్లున్నది దాని సప్పుడు? జర చేసి సూపియ్యి."

సైకిళ్లవాళ్లు, రిక్షాలవాళ్లు పక్కనుంచి పోతున్నారు. సక్కుబాయి అటూ ఇటూ చూసింది. తర్వాత చెంబు చంకలో పెట్టుకుని, భర్త చెవికి రెండు చేతులూ అడ్డం పెట్టి, రోట్లో రాయిలా ఊఁ అంది.

అతను తల వంచి విన్నాడు. "మలుపుల?" అని అడిగాడు.

ఆమె ఇంకా గట్టిగా అంది.