పలచబడ్డ అడవి, చిక్కబడ్డ వాగు

ఎదురింటావిడ టైలరమ్మతో అన్నదట, టైలరమ్మ కొలతలు తీస్తూ వదినతో అన్నదట, వదిన ఇంటికొచ్చి ఉల్లిపాయలు తరుగుతూ ఆడపడుచుతో అన్నది: "తోడబుట్టినవాడి నోట్లో మట్టి కొట్టినవాళ్ళని చూశాం గానీ, ఆ మట్టిని సీసాలో పట్టి, కొలిచి మరీ కొట్టేదాన్ని ఈ వీధిలోనే చూస్తున్నాం" అని.

"నేననలేదమ్మా, వాళ్ళన్నారు" అని కూడా చేర్చింది, కత్తి కాస్త గట్టిగా ఆడిస్తూ. కళ్ళల్లో నీళ్ళు ఉల్లిపాయలవో ఉక్రోషానివో తెలియలేదు.

ఆ ఆడపడుచుకి వీధిలో బురదమ్మ అని పేరు. ఊరి నీళ్ళ ఆఫీసులో ఆమె ఉద్యోగం అలాంటిది. ఊరంతటికీ నీళ్ళిచ్చే రిజర్వాయరు పైన కొండలున్నాయి. వాటిమీద అడవి మనిషి దూరడానికి సందులేనంత ఒత్తుగా పెరిగిపోయింది. వాన పడితే సగం ఆకుల మీదే ఆరిపోయి, మిగిలింది వేళ్ళు పీల్చేసి, రిజర్వాయరుకి ఎంగిలి చుక్కలు వదిలేవి. అందుకని చిక్కగా పడ్డ నారుని పలచన చేసినట్టు, ఒక కొండమీద బక్కచెట్లు ఏరి కొట్టిస్తున్నారు. పక్క కొండని ముట్టుకోలేదు. రెండు కొండలకీ చెరో వాగు. ఏ వాగులో నీళ్ళు పెరిగాయి, ఏ వాగులో మట్టి కొట్టుకొస్తోంది అని వారం వారం చూసి చెప్పడం బురదమ్మ పని. చెట్లు కొట్టే ముఠాకి మేస్త్రీ ఆమె సొంత అన్న. అతనింటి మేడమీది గదిలోనే ఆమె కాపురం.

చెట్లు పలచబడ్డాక నీళ్ళు పెరిగాయి, అందులో అబద్ధం లేదు. కానీ ఆ వాగులో సీసా ముంచితే చాలు, గోడకి పూయడానికి పనికొచ్చేంత బురద. ముట్టుకోని కొండ వాగు మాత్రం అద్దం. బురదమ్మ చూసింది చూసినట్టు రాసి పంపింది. రేపు పెద్ద ఇంజనీరు స్వయంగా కొండకొచ్చి, చెట్లు కొట్టడం ఆపేయమని సంతకం పెడతాడని కబురు. పెడితే అన్న ముఠా మొత్తం గొడ్డళ్ళు గోడకి తగిలించుకోవడమే.

"చెల్లీ, ఆ సీసా ఒక్కసారి నాకివ్వు. రేపు నేను ముంచుకొస్తా" అన్నాడు అన్న భోజనాల దగ్గర.

"నువ్వు ముంచితే ఇంట్లో బిందెలో ముంచుతావు."

"కొట్టిన కొమ్మలన్నీ వాలుకి అడ్డంగా పరిచామే! మట్టి ఎట్లా జారుతుంది? నా మాట మీద నమ్మకం లేదా?"

"నీ మాట మీద ఉంది అన్నయ్యా. సీసాకి మొహమాటం లేదు, నేనేం చెయ్యను?"

"సీసాకి లేకపోయినా నీకుండాలిగా!" అని వదిన గిన్నె ఠపీమని పెట్టింది.

పొద్దున్నే బురదమ్మ ఆఫీసు జీపులో కొండకి బయల్దేరింది. డ్రైవరుని ఆమె బాబాయ్ అంటుంది. జీపుని కన్నపిల్లలకన్నా గారాబంగా చూసుకునే మనిషి. పక్క కొండకి దారి లేదు, జీపు కిందే వదిలి నడవాలి. ఈ కొండకైతే దుంగలు మోసే లారీల కోసం దారి వేశారు. అది వాగుని దాటేచోట జీపు ఆగుతుంది. అక్కణ్ణించి ఆమె కాలిబాటన దిగువకి దిగి, నీళ్ళు కొలిచే గట్టు దగ్గర సీసా ముంచుతుంది.

"నువ్వెళ్ళిరామ్మా, నేనిక్కడ నీడన కూర్చుంటా" అన్నాడు బాబాయ్, ఎప్పట్లాగే.

గట్టు దగ్గరికెళ్ళి చూసుకుంటే సీసా మూత లేదు. జీపులో మరిచిపోయినట్టుంది. తనని తానే తిట్టుకుంటూ మళ్ళీ ఎక్కింది.

జీపు నీడన లేదు. వాగు నడిమధ్య ఉంది. బాబాయ్ ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, మావటి ఏనుగుని తోమినట్టు టైర్లు తోముతూ కూనిరాగం తీస్తున్నాడు. జీపు కింద నుంచి ఎర్రటి బురద పాయగా బయల్దేరి, ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు తిన్నగా గట్టు వైపు నడిచిపోతోంది.

"బాబాయ్! ఇది ఎప్పుడూ చేస్తావా?"

"ఎప్పుడూ ఎక్కడమ్మా, నువ్వు సీసా ముంచే రోజే. బండి ఇక్కడికొచ్చేది అప్పుడేగా" అన్నాడు, మెచ్చుకుంటుందేమోనని చూస్తూ.

బురదమ్మ రాయిమీద చతికిలబడింది. ఇన్నాళ్ళూ తను కొలిచింది కొండని కాదు, జీపుని. నోరు మూసుకుంటే ఉద్యోగానికి ఢోకా లేదు. బండి కడగొద్దని బాబాయ్‌కి చెబితే మట్టి దానంతటదే తగ్గుతుంది. కానీ ఈలోపు సంతకం పడిపోతుంది. నోరు విప్పితే ఆఫీసులో తలెత్తుకోలేదు. ఇక వీధి సంగతి సరేసరి, ఎదురింటావిడకి ఏడాదికి సరిపడా మేత.

లేచి మళ్ళీ కిందికి దిగి, బురద గట్టు దాటుతుండగా ఒక సీసా ముంచింది. జీపు ఒడ్డెక్కించి, వాగు తేరుకున్నాక ఇంకొకటి ముంచింది.

అంతలో పెద్ద ఇంజనీరు రానేవచ్చాడు. వెనకాల అన్న, అతని వెనక ముఠా, పెళ్ళి చెడిన మగపెళ్ళివారి మొహాలతో. ఇంజనీరు జీపు మూతిమీద కాగితం పరిచి పెన్ను తీశాడు.

"సార్, ఆగండి" అంది బురదమ్మ. సీసాలు రెండూ కాగితం మీదే పెట్టింది. "ఇది మన జీపు కడుగుతుండగా ముంచింది. ఇది కడగడం అయ్యాక. మట్టి కొండది కాదు, మనది. నేను ఎగువకి ఒక్కసారి కూడా చూడకుండా ముంచాను. నేను రాసినవన్నీ కొట్టేసి మళ్ళీ మొదట్నుంచి చూడాలి."

"అంటే కొండ బాగున్నట్టేగా!" అన్నాడు అన్న.

"అదీ చెప్పలేను. ఇంకా కొలవలేదుగా."

"బాగుందని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయిందే!"

ముఠాలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంజనీరు రెండు సీసాలూ ఎండకి ఎత్తి చాలాసేపు చూశాడు. పెన్నుకి మూత పెట్టాడు. కాగితం మడిచి జేబులో తోశాడు. అంత దూరం వచ్చినందుకు ఎవరినో ఒకరిని తిట్టాలి కదా, బాబాయ్ మీదికి తిరిగాడు.

"బుద్ధుందా నీకు? ఊరంతా తాగే నీళ్ళలో బండి కడుగుతావా? కడిగేది ఆఫీసులో కడుక్కుని చావొచ్చుగా?"

బాబాయ్ చేతిలో గుడ్డ పిండుకుంటూ అన్నాడు: "మన ఆఫీసు కుళాయిలో నీళ్ళెప్పుడొచ్చాయి సార్?"