గురువారం వెల్లుల్లి

ఆదివారం పదింటికల్లా అమ్మ కిటికీలు బిగించి, మంచాల సందుల్లో మందు కొట్టేది. కొట్టిన మరుక్షణం పొయ్యి మీద మూకుడు పెట్టి గుప్పెడు వెల్లుల్లి వేయించేది. తినడానికి కాదు, మందు వాసన మెట్ల మీదికి పోకుండా. ఇంట్లో నల్లులున్నాయన్న సంగతి రెండు నెలలుగా ఆ వెల్లుల్లి కిందే దాగి ఉంది.

దాచకపోతే గడిచే ఇల్లు కాదది. ముందుగదిలో అమ్మ కుట్టుమిషను. వీధిలో సగం మంది కొలతలు ఆమెకు నోటికొచ్చు. ఎవరి నడుం ఎంత పెరిగిందో వాళ్ల మొగుళ్లకంటే ముందు ఆమెకే తెలుస్తుంది. అలాంటి ఇంట్లో నల్లి ఉందని ఒక్క నోట పడితే చాలు, మర్నాటి నుంచి గుడ్డముక్క గడప తొక్కదు.

కూతురు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. డిప్లొమా చదివి ఆ పనిలో చేరి మూడేళ్లయింది. జేబులో ఎప్పుడూ స్క్రూడ్రైవరు ఉంటుందని ఆ మెట్ల మీద అందరూ ఆమెను స్క్రూ అంటారు. ఆమెకేం బాధ లేదు. అలా పిలిచేవాళ్ల గడియలన్నీ ఆమె బిగించినవే.

"ఎన్నాళ్లమ్మా ఇలా? నువ్వు కొడతావు, నాలుగు రోజులు పోతాయి, మళ్లీ దిగుతాయి. చుట్టాలే నయం, చెప్పి వస్తారు" అంది స్క్రూ మోచెయ్యి గోక్కుంటూ.

"గోక్కోకు. ఎవరన్నా చూస్తే?"

"మన పడగ్గదిలోకొచ్చి ఎవరు చూస్తారే తల్లీ?"

"అలవాటైపోతుంది. నోర్మూసుకుని ఆ పరుపెత్తు."

స్క్రూ పరుపెత్తింది కానీ, బుర్రలో ఒకటి తొలుస్తూనే ఉంది. బాగుచేసిన లిఫ్టు వారం వారం అదే రోజు ఆగిపోతుంటే మోటారును తిట్టి లాభం లేదు, ఆ రోజు ఏం జరుగుతోందో చూడాలి. నల్లులు కరిచిన రోజులకు క్యాలెండరు మీద చుక్కలు పెట్టింది. మూడు వారాలు చూస్తే, ప్రతిసారీ శుక్రవారం పొద్దునే చుక్కలు మొదలు. అంటే గురువారం ఏదో ఉంది.

అదేమిటో ముక్కే చెప్పింది. ఆ గురువారం పని తొందరగా అయిపోయి మెట్లెక్కుతుంటే, పక్కింట్లోంచి వెల్లుల్లి మాడుతున్న వాసన వచ్చింది. పక్కిల్లు టీచరుగారిది. వెల్లుల్లి కడుపుకి పడదని పదేళ్లుగా కనపడ్డవాళ్లందరికీ చెప్పుకునే మనిషి ఆవిడ.

స్క్రూ ఇంట్లోకెళ్లి మెయిన్ ఆపి, మంచం పక్క స్విచ్‌బోర్డు ప్లేటు విప్పింది. వైర్లు వేసిన పైపు గోడలోంచి సూటిగా టీచరుగారి గదిలోకి పోతోంది. పైపు మూతి దగ్గర ఆవగింజల్లాంటివి. వాటిలో కొన్ని నడుస్తున్నాయి.

"ఇటు చూడమ్మా. ఆదివారం మనం తరిమితే అటు కాపురం. గురువారం ఆవిడ తరిమితే ఇటు కాపురం. మనకంటే వీటికే రాకపోకలెక్కువ. పద, ఆంటీతో మాట్లాడదాం."

"కాళ్లు విరగ్గొడతా. బడి నాటకానికి ఇరవై నాలుగు అంగీలు ఆవిడ ఇప్పించినవే. వెనక్కి పోతాయి."

"ఆవిడింట్లోనూ ఉన్నాయి కదే."

"ఉండనీ. ఆవిడ టీచరు. ఆవిడింటి నల్లులు చదువుకున్నవంటారు. మనవైతే మురికివంటారు."

స్క్రూ ప్లేటు బిగించలేదు. అలాగే వేలాడనిచ్చింది.

శనివారం మధ్యాహ్నం టీచరుగారు అంగీలు చూసుకోవడానికి వచ్చారు. పనిలో పనిగా తనకో కోటు కుట్టమన్నారు. అమ్మ ఆవిడ భుజం మీద టేపు పెట్టింది. పసుపు టేపు మీద, సరిగ్గా పద్నాలుగు అంకె దగ్గర, ఒక నల్లి తీరిగ్గా నడుచుకుంటూ పోయింది.

అమ్మ కుక్కిన పేనులా ఉండిపోయింది.

"ఇదేంటక్కా?" అన్నారు టీచరుగారు.

"నల్లి ఆంటీ" అంది స్క్రూ.

"పిల్లల బట్టలు ఇలాంటి ఇంట్లోనా పెట్టాను? అన్నీ మూటగట్టెయ్యి. కింద వాళ్లకీ చెప్పాలి, పాపం వాళ్లవీ ఇక్కడే ఉన్నాయి."

అమ్మ తల వంచుకుని అంగీలు మడవడం మొదలుపెట్టింది. అది చూసి స్క్రూకి ఒళ్లు మండింది.

"తీసుకెళ్లండి ఆంటీ, మీ ఇష్టం. ఒక్క మాట చెప్పి వెళ్లండి. వెల్లుల్లి పడదంటారు కదా, గురువారం గురువారం ఎవరికోసం వేయిస్తున్నారు?"

మెడ గోక్కోబోయిన టీచరుగారి చెయ్యి మధ్యలో ఆగింది.

"అదీ... జలుబుకి."

"మాకూ ఆదివారం ఆదివారం జలుబే" అంది అమ్మ.

స్క్రూ తల తిప్పి చూసింది. అమ్మ మడుస్తున్న అంగీ కింద పెట్టేసింది.

"రెండు నెలలు తేలు కుట్టిన దొంగలా బతికాను టీచరుగారూ. ఇరవై నాలుగూ కాలే పెట్టెతో ఇస్త్రీ చేసి మూత డబ్బాలో పెట్టాను. ఒక్కదాంట్లో నల్లి చూపించండి, నా మిషను మీ ఇంటికే మోసుకొస్తా."

టీచరుగారు డబ్బా తీసుకోకుండానే గబగబా వెళ్లిపోయారు. అమ్మ గుడ్డల మీద గీతలు గీసే సుద్ద తీసుకుని బయటికి నడిచింది. వీధి తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసింది: ఈ ఇంట్లో నల్లులున్నాయి. మీ ఇంట్లో ఉన్నా చెప్పండి. రేపు పదింటికి అందరం ఒక్కసారే.

"అమ్మా, నేను పక్కింటితో అందామన్నాను, ఊరంతటితో కాదు."

"ఆ పైపు పక్కింటితో ఆగుతుందా?"

"ఆగదు."

"మరింకేం?"

సాయంత్రానికి కిందింటావిడ వచ్చి, మొహం చూడకుండా తన రెండు గౌన్లూ తీసుకుపోయింది. "ఇస్త్రీ చేసి వేసుకో" అని ఇచ్చేసి, అమ్మ మిషను ముందు కూర్చుంది. తలుపు మాత్రం బార్లా తెరిచే ఉంచింది. ఎవరో దిగారు, చదివారు, పోయారు. అమ్మ తొక్కుతూనే ఉంది.

దీపాలు పెట్టే వేళకి మూడో అంతస్తు బస్సు డ్రైవరు పిక్క గోక్కుంటూ వచ్చాడు. స్క్రూ అతనికి స్విచ్‌బోర్డు వెనక పైపు చూపించింది.

"పదింటికా? పదకొండుకి నాకు డ్యూటీ. ముందు మా బోర్డు విప్పమ్మా స్క్రూ."

ఆదివారం పొద్దున స్క్రూ పాలకని తలుపు తీస్తే, పక్కింటి తలుపు మీద నల్లబల్ల మీద రాసినంత గుండ్రంగా ఒకే మాట: ఇక్కడా.

ఆరిళ్లలో నాలుగు తలుపులు తెరుచుకున్నాయి. స్క్రూ మెయిన్ ఆపి, ప్లేట్లు విప్పి, పైపు మూతులన్నీ పుట్టీతో పూడ్చింది. తెరవని రెండిళ్ల వైపు రెండు పొరలు వేసింది. పరుపులు పిట్టగోడకెక్కాయి. మందు వాసన మెట్ల నిండా పరుచుకుంది. ఏ ఇంట్లోనూ మూకుడు పొయ్యెక్కలేదు.

టీచరుగారు ముక్కుకు గుడ్డ కట్టుకుని డబ్బా తెరిచి, అంగీలు ఒక్కొక్కటీ దులిపి చూశారు.

"అక్కా, రెండోదానికి చేతులు పొట్టివయ్యాయి."

"కొలతలు మీరిచ్చినవే" అంది అమ్మ, మోచెయ్యి హాయిగా గోక్కుంటూ. "ఆ పరుపు అవతలి కొస పట్టుకోండి."