గిలకపాము బుట్ట

పొద్దున్నే లేవగానే యుసేబియా గూట్లోని తుంగబుట్టని చూస్తుంది. వాళ్లమ్మ అల్లిన బుట్ట. దాని చుట్టూ నల్ల తుంగతో అల్లిన గిలకపాము, తోకలో గిలక్కాయ మోగించే విషప్పాము. పాము తల కొండ వైపుంటే గాలి లేస్తుంది, వాకిలి వైపుంటే చుట్టాలొస్తారు. తెల్లవాళ్లు రాకముందు నుంచీ ఈ ఎడారిలో ఉన్న మా కవియా తెగలో ఇదెవరికీ వింత కాదు.

"ఇవాళ ఎటుంది పెద్దమ్మా?" అంది చెల్లెలి కూతురు ఫ్లొరిండా.

"పొయ్యి వైపు. అచ్చం నీలాగే."

యుసేబియా భూమి ఊరి నడిబొడ్డున, వేడినీటి ఊట పక్కన ఉంది. ఉత్త ఇసుకగా ఉన్నన్నాళ్లూ దాన్నెవరూ అడగలేదు. పక్కన హోటళ్లు లేచాక మాత్రం, మా వాళ్లకి, అందులోనూ ఆడవాళ్లకి, సొంత ఆస్తి చూసుకునే తెలివి లేదని కోర్టుకి తోచింది. హాల్‌స్టెడ్ అనే లాయర్ని సంరక్షకుడిగా వేసింది. తెగ సభని నడిపిన యుసేబియా ఇప్పుడు కొత్త పొయ్యి కొనాలన్నా అతని గుమ్మంలో నిలబడాలి.

ఒకరోజు అతనొచ్చి బుట్ట తీసుకున్నాడు.

"ఇలాంటివి నీ దగ్గర భద్రంగా ఉండవు. నా ఆఫీసు గోడకి తగిలిస్తా."

"అది మా అమ్మది."

"నీ మంచికే యుసేబియా."

ఆ మాట అనని దొంగని నేనింతవరకూ చూడలేదు.

ఈ సంరక్షకుడు నాకొద్దని ఆమె కోర్టుకెక్కింది.

"జడ్జి వినకపోతే?" అంది ఫ్లొరిండా.

"మన పాత కథలో మెనిల్ అనే పిల్ల మీద కన్న దేవుడే చెయ్యేశాడు. ఆమె ఆకాశానికి పోయి చంద్రుడైంది. నాకు ఆకాశం అక్కర్లేదు. నా నేల నాక్కావాలి."

విచారణ రోజున హాల్‌స్టెడ్ గడ్డం గీసుకోకుండా, ఎర్రటి కళ్లతో, చంకలో బుట్టతో వచ్చాడు. జడ్జి నోరు తెరవకముందే అరిచాడు.

"ఈ పాము కదులుతోందండీ! మొదట కిటికీ వైపు చూసేది. ఇప్పుడు ఏ గోడకి తగిలించినా నా కుర్చీ వైపే తిరుగుతోంది!"

జడ్జి కళ్లజోడు పెట్టుకుని బుట్టని అటూ ఇటూ తిప్పాడు. పుట్టి ఒక్కరోజూ కుదురుగా లేని పాము, ఎండు తుంగలా పడి ఉంది.

"నువ్వు చెప్పు యుసేబియా. బుట్ట మీది పాము కదులుతుందా?"

వెనక బల్లల మీద మా ఆడవాళ్లందరూ ముందుకి వంగారు. అవునంటే తెలివిలేనిదని తేలి భూమి పోతుంది. కాదంటే అమ్మ చేతిపనిని అబద్ధం చేసినట్టు.

యుసేబియా తలగుడ్డ సర్దుకుంది.

"లాయరుగారు చదువుకున్నవారు. నాకు తెలివి లేదని చెప్పిందీ ఆయనే. ఆయన కదులుతుందంటే నేను కాదనగలనా అయ్యా?"

ఆ మధ్యాహ్నమే ఆమె మీద హాల్‌స్టెడ్ అధికారం రద్దయింది, బుట్ట ఆమె చేతికి తిరిగొచ్చింది. అతన్ని డాక్టరుకి చూపించమన్నారు. కొన్నాళ్లకి అతని ఆస్తికే ఒక సంరక్షకుణ్ణి వేశారు.

విచారణ రోజు సాయంత్రం ఇంటికొచ్చాక ఫ్లొరిండా గంతులేసింది. యుసేబియా మాత్రం ఎండిన మెస్కీట్ చెట్టు కాయల్ని పిండికని రోట్లో వేసి, ఎవరి మీదో కసిగా దంచుతోంది.

"గెలిచాం కదా పెద్దమ్మా!"

"ఏం గెలిచాం? వాడికి పిచ్చన్నారు. నాకు బుద్ధుందని ఒక్కడన్నాడా?"

గూట్లో పాము మెల్లగా తల తిప్పింది. ఈసారి ఫ్లొరిండా వైపు. ఫ్లొరిండా భూమి ఇంకా మరో సంరక్షకుడి, మరో లాయరు చేతిలోనే ఉంది.

యుసేబియా రోకలి ఆపి, బుట్టని దించి పిండి దులిపింది.

"నీ లాయరు ఆఫీసులో గోడ ఏమైనా ఖాళీగా ఉందటే?"