మిగిలిపోయిన ముక్క

ఆ ప్రయోగశాలలో ఆవిడను అందరూ కత్తెరమ్మ అనేవారు. పని అలాంటిది మరి. సూక్ష్మదర్శిని కింద తీసిన ఫోటోలోంచి క్రోమోజోములను ఒక్కొక్కటిగా కత్తిరించి, పొడవును బట్టి జతలు కట్టి, అట్టమీద జిగురుతో అంటించాలి. అమ్మ పోలికా నాన్న పోలికా మోసుకొచ్చే జన్యువులన్నీ వాటిమీదే ఉంటాయి. ప్రతి జతలో ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. మనిషికి ఇవి నలభై ఆరేనని తేలి అప్పటికి ఎంతో కాలం కాలేదు. అంతకుముందు మహామహులే ఏళ్ల తరబడి నలభై ఎనిమిదని నమ్మి కూర్చున్నారు. అందుకే కత్తెరమ్మ ఎవరి లెక్కనూ ఒక పట్టాన నమ్మేది కాదు, తన లెక్కను తప్ప!

ఆ గదిలో ఎంత ఉక్కపోసినా ఫ్యాను వేయకూడదు. తుమ్ము వస్తే బయటికి పరుగెత్తాలి. ఒక్క ముక్క ఎగిరిందా, పొద్దుటి నుంచి పడిన పాటంతా నీళ్లపాలే.

ఆ రోజు ఆవిడ ముందున్నది అక్క కొడుకు రక్తం తాలూకు ఫోటో. వాడికి నాలుగేళ్లు, ముద్దుపేరు గుండు. వాలు కళ్లు, మాటా నడకా ఆలస్యం, ఎవరు కనబడినా నోరంతా తెరిచి నవ్వే రకం. ఇలాంటి పిల్లలు ఎందుకిలా పుడతారో చూద్దామని డాక్టరుగారు కొందరి రక్తం తీయించారు. అక్కకు మాత్రం కారణం ఎప్పుడో తెలుసట. కడుపుతో ఉండగా మెట్లమీద జారి పడింది. "నేనే వాణ్ణి పాడుచేశానే" అని లోలోపల కుమిలిపోయేది. ఎవరు నచ్చజెప్పినా చెవికెక్కేది కాదు. రక్తం ఇప్పించిన రోజున కూడా చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుని, "నా తప్పేనా కాదా, అదొక్కటి తేల్చి చెప్పవే తల్లీ" అంది.

జతలన్నీ కుదిరాక బల్లమీద బుల్లి ముక్క ఒకటి మిగిలింది. కత్తెరమ్మకు ఒళ్లు మండింది. పక్క ఫోటోలోది ఎగిరొచ్చి చేరి ఉంటుంది, పాడు ముక్క! తీసి బుట్టలో పడేసింది. నిజం చెప్పొద్దూ, వాడు మనవాడాయె, వాడి అట్ట చక్కగా రావాలని ప్రాణం కొట్టుకుంది. రెండో ఫోటోలోనూ ఒకటి మిగిలింది. దాన్నీ పడేసింది. మూడోదానికీ మిగిలేసరికి చేయి ఆడలేదు.

అప్పుడే డాక్టరుగారు వచ్చి చూశారు. "ఏమ్మా, ఎక్కడిదా ముక్క?"

"పక్కదాన్లోంచి ఎగిరొచ్చిందండీ."

"ఫ్యాను వేశావా?"

"అయ్యో, లేదండీ!"

"మరి దానికేమైనా రెక్కలున్నాయా?"

కత్తెరమ్మ బుట్టకేసి చూసింది. ఇంకో రెండింటిని అలాగే పారేశానని చెప్పేటప్పటికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన కోప్పడలేదు. చొక్కా చేతులు మడిచి, నేలమీద చతికిలబడి బుట్ట బోర్లించారు. ఇద్దరూ ఆ కాగితాల చెత్తంతా గాలించి రెండు ముక్కలూ పైకి తీశారు. ఆ తరవాత మిగతా పిల్లల ఫోటోల్లోనూ అదే వరస. అందరికీ ఆ బుల్లిదే ఒకటి ఎక్కువ, మొత్తం నలభై ఏడు.

అంతా నిర్ధారించుకున్నాక కత్తెరమ్మ అట్ట పట్టుకుని అక్క ఇంటికి వెళ్లింది. అక్క గుమ్మంలోనే నిలేసింది. "తేలిందా?"

"తేలిందక్కా. ఇదిగో, ఈ చిన్నవి రెండు ఉండాలి, వీడికి మూడున్నాయి. అమ్మ కణమో నాన్న కణమో తయారయ్యేటప్పుడు, విడిపోవాల్సిన జత విడిపోకుండా కలిసే వచ్చేసింది. అది ఎవరి చేతుల్లోనూ లేదు."

"మరి నేను పడ్డది?"

"నువ్వు పడేనాటికే వీడి ఒంట్లో ఇది ఉంది. నువ్వు నెల తప్పావని నీకు తెలియకముందే ఉంది. నీ తప్పు ఆవగింజంత కూడా లేదక్కా."

అక్క గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది. వెక్కి వెక్కి ఏడ్చింది. చెల్లెలు పక్కన కూర్చుని వీపు నిమిరింది, తనూ ఏడ్చింది. ఈ సందట్లో గుండు ఆ అట్ట అందుకుని, ఒక మూల కసుక్కున కొరికాడు.

"ఒరేయ్ వెధవా! పిన్ని అంత కష్టపడి చేస్తే నోట్లో పెట్టుకుంటావా? వీపు చిట్లగొడతాను!" అక్క అట్ట లాక్కుని ఇల్లెగిరిపోయేలా అరిచింది.

గుండు బిత్తరపోయాడు. కత్తెరమ్మా బిత్తరపోయింది. వాడు ఏం పగలగొట్టినా, ఏం ఒలకబోసినా, ఇన్నేళ్లూ అక్క పల్లెత్తు మాట అనలేదు. వాడికి బాకీ పడినదానిలా తలొంచుకుని తుడుచుకునేది. తల్లి చేత తిట్లు తినడం వాడికి ఇదే మొదలు.

వాడు ఏడుపు లంకించుకున్నాడు. అక్క వాణ్ణి ఒళ్లోకి లాక్కుని, ముద్దులు పెడుతూ, ఇంకా తిడుతూనే ఉంది.